రిజాల్ ఒక్కరే కాదు

సంపాదకులకు నమస్కారం.

ఫిలిప్పీన్స్ స్వాతంత్ర్య పోరాటం అనగానే అందరూ డాక్టర్ హోసే రిజాల్ దగ్గరే ఆగిపోతారు. పియో వలెన్సువేలా అనే మరో డాక్టరు గురించి కూడా మీ పత్రికలో రాయించండి. వైద్యవిద్య చదువుతుండగానే ఆయన స్పెయిన్ పాలనను కూలదోయాలనుకున్న రహస్య సంఘం ‘కటిపునాన్’లో చేరారు. 1896లో ఆ సంఘం తెచ్చిన ‘కలాయాన్’ పత్రికలో ఆయన చేయి ఉంది. మనీలాలో అచ్చయిన ఆ పత్రిక మీద, అధికారుల కళ్లు కప్పడానికి, జపాన్‌లోని యొకొహామాలో అచ్చయినట్టు వేశారు! అదే ఏడాది జూన్‌లో, దపితాన్ అనే ఊళ్లో ప్రవాసంలో ఉన్న కంటి వైద్యుడు రిజాల్ దగ్గరికి వెళ్తూ, కంటి వైద్యం సాకుతో ఒక అంధుణ్ని వెంటబెట్టుకెళ్లారు. ఆయుధాలు లేకుండా తిరుగుబాటుకు తొందరపడొద్దన్నారు రిజాల్. ఆగస్టులో తిరుగుబాటు మొదలైంది. కొద్ది రోజులకే వలెన్సువేలా క్షమాభిక్ష నమ్మి లొంగిపోయారు. అయినా జైలు తప్పలేదు. పైగా ఆయన వాంగ్మూలాన్నే రిజాల్‌పై విచారణలో వాడుకున్నారు. రాసేవారు ఈ ముక్క మాత్రం దాటేయొద్దని మనవి.

– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం