మూతపడ్డ రగ్బీ క్లబ్బుల మినిట్స్ బుక్కులు ఎవరు దాస్తారు?

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ స్పోర్ట్స్ పేజీలో రగ్బీ కనిపించిందంటే అది వరల్డ్ కప్పో ఒలింపిక్సో అయ్యుంటుంది, అవి రాయొద్దని కాదు, కానీ ఆ ఆటని ఇన్నేళ్లు మోసుకొచ్చిన చిన్న క్లబ్బుల గురించి ఎవరూ మాట్లాడట్లేదు, అందుకే ఈ ఉత్తరం. నేను చాలా ఏళ్లు ఒక చిన్న క్లబ్‌కి హుకర్‌గా ఆడాను, అంటే ముందు వరస మధ్యలో ఉండి బంతిని కాలితో వెనక్కి లాగే ఆటగాడిని. ఆ క్లబ్‌ని ఇంకో క్లబ్‌లో కలిపేసినప్పుడు బీరువా ఖాళీ చేయాలని మినిట్స్ బుక్కులు (మీటింగుల్లో ఏం అనుకున్నారో రాసే పుస్తకాలు), ఫిక్చర్ కార్డులు (ఏ మ్యాచ్ ఎప్పుడో ఉండే కార్డులు), టీమ్ ఫోటోలు అన్నీ చెత్తలో పడేశారు. కప్పులు మాత్రం జాగ్రత్తగా గుడ్డ చుట్టి తీసుకెళ్లారు. నాకు విషయం తెలిసి పరిగెత్తేసరికి రెండు ఫోటోలు, ఒక స్క్రాప్‌బుక్ మిగిలాయి, అంతే.

కప్పు కంటే కాగితం ఎందుకు ముఖ్యం అంటారా, కలకత్తా కప్ సంగతే చూడండి. 1873లో కలకత్తాలో కలకత్తా ఫుట్‌బాల్ క్లబ్ అని పెట్టారు, పేరు ఫుట్‌బాల్ అయినా ఆడింది రగ్బీయే. కొన్నాళ్లకి అక్కడున్న బ్రిటిష్ రెజిమెంట్ వెళ్లిపోయింది, మిగిలినవాళ్లు టెన్నిస్, పోలో అంటూ అటు మళ్లిపోయారు, నాలుగైదేళ్లకే క్లబ్ మూసేసే పరిస్థితి. అప్పుడు బ్యాంకులో ఉన్న డబ్బుని వెండి రూపాయలుగా తీసుకుని, వాటిని కరిగించి, నాగుపాముల పిడులు మూడు, మూత మీద ఏనుగు పెట్టి ఒక కప్పు చేయించి ఇంగ్లండ్ రగ్బీ యూనియన్‌కి ఇచ్చేశారు. 1879 నుంచి ఇంగ్లండ్, స్కాట్లండ్ దాని కోసం ఆడుతున్నాయి, ఇది చాలామందికి తెలుసు. తెలియంది ఏంటంటే 1877 డిసెంబరులో ఆ క్లబ్ సెక్రటరీ రోత్నీ రాసిన ఉత్తరంలో, అసోసియేషన్ ఫుట్‌బాల్ వాళ్ల కప్‌లాగా ఏటా పోటీ పెట్టండి, లేదంటే మీకు మంచిదనిపించిన పద్ధతిలో వాడండి అని ఉంది. ఆ ఫుట్‌బాల్ కప్పు క్లబ్బులు ఆడేది, అంటే వాళ్ల మనసులో ముందు ఉన్నది క్లబ్బుల పోటీ! ఎంత మంచి కప్పయినా దాన్ని చూసి ఆ కోరిక తెలుసుకోలేం, ఆ ఉత్తరాన్ని ఎవరో దాచారు కాబట్టే తెలిసింది.

అదే యూనియన్‌ని 1871లో లండన్‌లో 21 క్లబ్బులు కలిసి పెట్టాయి. వాటిలో బ్లాక్‌హీత్, రిచ్‌మండ్, హార్లెక్విన్స్ ఇప్పటికీ ఉన్నాయి. ఫ్లెమింగోస్, మోహికన్స్, జిప్సీస్ అని ఎంత ముచ్చటైన పేర్లు పెట్టుకున్న క్లబ్బులు కూడా ఆ లిస్టులో ఉన్నాయో, అవి ఎప్పుడో పోయాయి. ఆడినవాళ్లు ఎవరు, ఎక్కడ బట్టలు మార్చుకున్నారు, బంతికి డబ్బులు ఎవరు పెట్టారు, ఇవన్నీ క్లబ్ పుస్తకంలో తప్ప ఇంకెక్కడా ఉండవు.

ఖాతా పుస్తకాలు కూడా అంతే. 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్‌లో జార్జ్ హోటల్‌లో ఉత్తర ఇంగ్లండ్ క్లబ్బులు విడిపోవాలని తీర్మానం చేసుకున్నాయి, తర్వాత అదే రగ్బీ లీగ్ (వేరే రూల్స్‌తో ఆడే రెండో రకం రగ్బీ) అయ్యింది. గొడవ దేనికంటే కూలి గురించే. గనుల్లో, మిల్లుల్లో పనిచేసేవాళ్లు మ్యాచ్ కోసం పని మానుకుంటే ఆ రోజు జీతం పోయేది, ఆ పోయిన జీతం క్లబ్బులు ఇవ్వడానికి యూనియన్ ఒప్పుకోలేదు. పెద్ద చరిత్రలో ఇది ఒక్క పేరాలో అయిపోతుంది, కానీ ఫలానా శనివారం ఎవరికి ఎంత జీతం పోయింది, క్లబ్ గుట్టుగా ఎంత సర్దింది అనేది చూడాలంటే ట్రెజరర్ పుస్తకమే దిక్కు.

ఆడవాళ్ల సంగతి ఇంకా అన్యాయం. 1887 ప్రాంతంలో ఐర్లండ్‌లో ఎమిలీ వాలెంటైన్ అనే చిన్నపిల్ల అన్నదమ్ముల స్కూల్ టీమ్‌లోకి దిగి ట్రై సాధించింది, అంటే బంతిని అవతలివాళ్ల గీత దాటించి నేలకి ఆనించింది. అది మనదాకా వచ్చిందంటే ఆమె పెద్దయ్యాక నోట్‌బుక్‌లో రాసుకుంది కాబట్టి, ఆ నోట్‌బుక్‌ని ఇంట్లోవాళ్లు పారేయలేదు కాబట్టి.

ఇప్పుడు మీతో పని ఏంటంటే, నా దగ్గర మిగిలిన ఆ స్క్రాప్‌బుక్ నిండా పేపర్ కటింగ్సే, కత్తిరించినవాళ్లు తేదీ ఉన్న పైభాగాన్ని వదిలేశారు, అందరూ చేసే పొరపాటే ఇది. కొన్నిటికి స్కోరు పట్టుకుని కాలం ఊహించొచ్చు. ఒకదాంట్లో మూడు ట్రైలు తప్ప ఇంకేం లేవు, ఒక్క కన్వర్షన్ (ట్రై తర్వాత గోల్‌కి కొట్టే కిక్) కూడా లేదు, మొత్తం 12 పాయింట్లు అని ఉంది, ట్రైకి 4 పాయింట్లు ఇచ్చింది 1971 నుంచి, 1992లో దాన్ని 5 చేశారు, కాబట్టి ఆ మధ్యలోదే. కానీ ఇరవై ఏళ్ల గ్యాప్‌లో ఏ శనివారమో ఎలా చెప్పేది? మీలాంటి పత్రికల పాత ఫైళ్లు తిరగేస్తేనే దొరుకుతుంది. ఆ ఫైళ్లు చూడాలంటే పర్మిషన్లు, ఫీజులు అంటూ తిప్పుతున్నారు, ఊళ్లో క్లబ్ చరిత్ర రాసుకునే రిటైర్డ్ మనిషికి అంత ఓపిక, అంత డబ్బు ఎక్కడుంటాయి. స్పోర్ట్స్ పేజీల వరకైనా స్కాన్ చేసి పబ్లిక్ లైబ్రరీల్లో ఫ్రీగా పెట్టండి. అలాగే క్లబ్ మూసినా, కలిపేసినా రికార్డులన్నీ ఆర్కైవ్‌కి అప్పగించాలని రగ్బీ సంఘాలు రూల్ పెట్టేలా మీరు ఎడిటోరియల్ రాయండి, మీరు రాస్తే వింటారు.

ఈలోగా క్లబ్బుల వాళ్లకి ఒక మాట. ఫోటో వెనక మెత్తటి పెన్సిల్‌తో పేర్లు రాయండి, బాల్ పెన్ వద్దు, చిరిగితే సెలోటేప్ అసలు వేయకండి, లామినేషన్ అయితే చేయించనే చేయించకండి. పాత ప్లేయర్లు ఉండగానే పక్కన కూర్చుని వెనక వరసలో మూడో మనిషి ఎవరో అడగండి. నా రెండు ఫోటోల్లో ఒకదాంట్లో పదిహేను మందికి తొమ్మిది మంది పేర్లే దొరికాయి. మీరు కాస్త చోటిస్తే స్కాన్ చేసి పంపిస్తాను, వేసి చూడండి, మిగిలిన ఆరుగురినీ ఎవరైనా గుర్తుపడతారేమో.

ఇట్లు,
మీ పాఠకుడు, ఒక మాజీ హుకర్