ఈవీ కొలువులకు కంప్యూటర్ సీటొక్కటే దారి కాదు

సంపాదకులకు నమస్కారం.

ఎప్‌సెట్ కౌన్సెలింగ్ వేళ మీ విద్యా పేజీలో విద్యుత్ వాహన రంగంలోని ఉద్యోగాల గురించి వచ్చిన కథనం చదివాను. అవకాశాలు ఉన్నాయన్నది నిజమే. అయితే కంప్యూటర్ సైన్స్‌లో చేరి, దానిపైన ఏదో ఒక ఆన్‌లైన్ సర్టిఫికెట్ కోర్సు చేస్తే చాలునన్న ధ్వని ఆ కథనంలో వినిపించింది. బ్యాటరీ, దాని డీసీ కరెంటును మోటారుకు కావలసిన ఏసీగా మార్చే ఇన్వర్టర్, మోటారు, గేర్లు కలిసి బండిని నడిపించే పవర్‌ట్రెయిన్ విభాగంలో పనిచేస్తున్నవాడిగా ఆ అభిప్రాయంతో ఏకీభవించలేకపోతున్నాను.

మా పనిలో సాఫ్ట్‌వేర్ వాటా పెద్దదే, కానీ ఆ సాఫ్ట్‌వేర్ రాయవలసింది మోటారు గుణం తెలిసినవారు. విద్యుత్ స్కూటరుపై ఫ్లైఓవర్ ఎక్కుతున్న ఇద్దరు ట్రాఫిక్‌లో ఆగిపోయి, బ్రేకు పట్టకుండా యాక్సిలరేటరునే కాస్త తిప్పి ఉంచి బండి వెనక్కి జారకుండా నిలబెట్టారనుకుందాం. చక్రం తిరగడం లేదు గనుక మోటారులోని మూడు ఫేజుల (తీగచుట్టల) మధ్య వంతులవారీగా మారవలసిన కరెంటు ఉన్నచోటే నిలిచిపోతుంది. భారమంతా ఇన్వర్టరులోని ఒకటి రెండు ట్రాన్సిస్టర్ల (కరెంటు స్విచ్చుల) మీద పడి అవి చూస్తుండగానే వేడెక్కుతాయి. ఆ టార్క్‌ను (తిప్పే బలాన్ని) ఎంతసేపు ఇవ్వవచ్చు, ఎప్పటినుంచి తగ్గించాలి, తగ్గించినప్పుడు వెనక ఉన్న వాహనం మీదికి బండి జారకుండా ఏం చేయాలి అన్నవి కోడింగ్ పోటీల్లో తేలే విషయాలు కావు. అలాగే శాశ్వత అయస్కాంతాల మోటారున్న కారు గరిష్ఠ వేగంలో ఉండగా ఇన్వర్టరు ఉన్నట్టుండి ఆగిపోతే, తిరుగుతున్న ఆ మోటారే జనరేటరుగా మారి బ్యాటరీ వోల్టేజీని మించిన వోల్టేజీని వెనక్కి నెట్టగలదు. అలాంటప్పుడు మూడు ఫేజులనూ కావాలనే ఒకదానికొకటి కలిపి (షార్ట్ చేసి) దాన్ని అదుపు చేసే పద్ధతి ఉంది. ఇంటర్వ్యూల్లో ఈ ప్రశ్న అడిగితే ‘షార్ట్ సర్క్యూటా సార్?’ అని తెల్లబోయేవారే ఎక్కువ. అధిక వేగం కోసం మోటారు అయస్కాంత క్షేత్రాన్ని తగ్గించే ఫీల్డ్ వీకెనింగ్ నిర్వచనం మాత్రం పొల్లుపోకుండా అప్పజెబుతారు.

ఇది పిల్లల తప్పని నేను అనను. ఒక్కో బ్రాంచిలో సీట్ల గరిష్ఠ పరిమితిని సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ 2024-25 విద్యాసంవత్సరం నుంచి ఎత్తివేశాక ప్రైవేటు కళాశాలలు కంప్యూటర్ సైన్స్ పేరు తగిలించిన కోర్సుల వైపు మరింతగా మొగ్గాయి. ఈఈఈ (ఎలక్ట్రికల్), మెకానికల్ సీట్లను తగ్గించుకున్నవీ, ఆ బ్రాంచీలనే వదులుకున్నవీ ఉన్నాయి. ఆ బ్రాంచీలు మిగిలిన చోట ల్యాబుల పరిస్థితి ఏమిటి? యంత్రాల సామర్థ్యం కొలిచే పరీక్షలే: డీసీ షంట్ మోటారుపై స్విన్‌బర్న్ పరీక్ష, జంట యంత్రాలపై హాప్కిన్సన్ పరీక్ష, ఆపైన డ్రమ్ముకు బెల్టు బిగించి, ఒకరు స్ప్రింగ్ బ్యాలెన్సు రీడింగులు రాసుకుంటుంటే మరొకరు డ్రమ్ము వేడెక్కకుండా మగ్గుతో నీళ్లు పోసే బ్రేకు పరీక్ష. వీటిని నేను తక్కువ చేయడం లేదు. యంత్రంలో నష్టాలు ఎక్కడ పుడతాయో అనుభవానికి వచ్చేది అక్కడే (రికార్డులోని గ్రాఫు సీనియర్ల పుస్తకం నుంచి దిగుతుందన్నది వేరే సంగతి). లోపమల్లా పవర్ ఎలక్ట్రానిక్స్ ఒక గదిలో, మోటార్లు ఇంకో గదిలో, కంట్రోల్ సిస్టమ్స్ మరో సెమిస్టరులో ఉండిపోవడం. ఇన్వర్టరుకు మోటారును కలిపి, ప్రోగ్రాములో ఒక అంకె మార్చి, షాఫ్టు దగ్గర ఏం మారిందో చూసే అవకాశం నాలుగేళ్లలో ఒక్కసారీ రాని విద్యార్థులు ఎందరో.

మా దగ్గర కొత్తగా చేరినవారికి ముందు అప్పగించే పని రోటరు (మోటారులో తిరిగే భాగం) స్థానాన్ని చెప్పే సెన్సరు ఆఫ్‌సెట్ కనుక్కోవడం. మోటార్లను పరీక్షించే డైనమోమీటరు యంత్రంతో మోటారును తిప్పించి, దాని టెర్మినళ్ల వద్ద పుట్టే వోల్టేజీని, తరంగాన్ని తెరపై చూపే ఆసిలోస్కోపులో చూస్తూ, సెన్సరు చూపే సున్నాకూ అసలు సున్నాకూ మధ్య ఎన్ని డిగ్రీల తేడా ఉందో తేల్చాలి. ఆ కోణం కొద్దిగా తప్పినా అదే టార్క్‌కు ఎక్కువ కరెంటు ఖర్చవుతుంది, ఒక్క ఛార్జింగుతో వచ్చే కిలోమీటర్లు తగ్గుతాయి. మరీ తప్పితే బండి ముందుకు పోవలసింది వెనక్కి పోతుంది. పునాది ఉన్నవారికి ఇది నేర్పడం ఏమంత కష్టం కాదు. లేనివారికి తెరమీది తరంగమే అర్థం కాదు.

మెకానికల్ వారికీ ఇందులో చోటు తక్కువేమీ కాదు. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో విద్యుత్ స్కూటర్ల షోరూంలో మొదలైన మంటలు పైనున్న హోటలుకు పాకి ఎనిమిది మంది ప్రాణాలు కోల్పోయిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. అదే ఏడాది డిసెంబరు నుంచి ఏఐఎస్-156 బ్యాటరీ భద్రతా ప్రమాణాలు కఠినమయ్యాయి. ఒక సెల్లులో పుట్టిన వేడి పక్క సెల్లుకు పాకకుండా ప్యాకును రూపొందించడం ఉష్ణ ప్రసారం చదివినవారి పని. మెటలర్జీకీ కాలం కలిసొస్తోంది: 2025 ఏప్రిల్‌లో మోటారు అయస్కాంతాల్లో వాడే డిస్ప్రోసియం, టెర్బియం వంటి అరుదైన మూలకాల ఎగుమతిపై చైనా ఆంక్షలు పెట్టడంతో మన వాహన కంపెనీలు అయస్కాంతాలకు కటకటలాడాయి, ఆ నవంబరులో కేంద్రం దేశీయ అయస్కాంతాల తయారీకి రూ.7,280 కోట్ల పథకాన్ని ఆమోదించింది. విశాఖలో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఐఆర్ఈఎల్ వారి సమేరియం-కోబాల్ట్ అయస్కాంతాల కర్మాగారం, హైదరాబాద్‌లో పదార్థాల పరిశోధన సంస్థ ఏఆర్‌సీఐ, కార్ల కంపెనీ హ్యుందాయ్, వాహన విడిభాగాల కంపెనీ జెడ్ఎఫ్‌ల ఇంజినీరింగ్ కేంద్రాలు, మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో అమరరాజా బ్యాటరీ ప్రాజెక్టు మన గడ్డమీదే ఉన్నాయి.

కాబట్టి ప్రభుత్వాలకు నా విన్నపం ఒక్కటే. ప్రతి కళాశాలా డైనమోమీటరు కొనలేదు. హైదరాబాద్, కాకినాడ, అనంతపురం జేఎన్‌టీయూ ప్రాంగణాల్లో ఒక్కొక్కటి చొప్పున ఉమ్మడి మోటారు పరీక్షా కేంద్రం పెట్టి, అనుబంధ కళాశాలల విద్యార్థులకు వంతులవారీగా తెరవాలి. స్కూటరు స్థాయి 48 వోల్టుల వ్యవస్థతో మొదలుపెట్టినా చాలు. ఫ్రెషర్ల పోస్టుకు కూడా మూడేళ్ల అనుభవం అడిగే మా రంగంలోని కంపెనీలు పాత ఇన్వర్టర్లను, మోటార్లను ఆ కేంద్రాలకు ఇచ్చి, వేసవిలో అధ్యాపకులను తమ ల్యాబుల్లోకి రానిస్తే వాటికే మేలు.

తల్లిదండ్రులకూ ఒక మాట. ఈ రంగంలో మొదటి జీతం సాఫ్ట్‌వేర్ వారి పెద్ద ప్యాకేజీలంత ఉండకపోవచ్చు; ఆ సంగతి తెలిసే రండి. వెబ్ ఆప్షన్లు ఇచ్చేముందు ఒకసారి కళాశాలకు వెళ్లి, ప్లేస్‌మెంట్ బోర్డు దగ్గర ఆగిపోకుండా ల్యాబు చూపించమనండి. అక్కడ ఇన్వర్టరుతో నడిచే ఏసీ మోటారు ఉందా, దాన్ని విద్యార్థి తన చేత్తో నడుపుతాడా, లేక దూరం నుంచి చూసి రీడింగులు రాసుకుంటాడా అని అడగండి.

ఇట్లు,
ఒక మోటారు కంట్రోల్ ఇంజినీరు,
హైదరాబాద్