ఎయిర్ రైఫిల్ స్టీలు టార్గెట్లు తయారయ్యాయి, చెయ్యి వేసిన అందరికీ కృతజ్ఞతలు

పెల్లెట్ (ఎయిర్ రైఫిల్‌లో వాడే చిన్న సీసపు గుండు) తగిలితే వెనక్కి పడి, తాడు లాగితే మళ్లీ లేచి నిలబడే ఆరు స్టీలు టార్గెట్లు పూర్తయ్యాయి. అడగగానే సాయపడ్డ వాళ్లకు మా బృందం తరఫున పేరుపేరునా చెప్పాలనుంది, కానీ పేర్లు వద్దన్నారు. అందుకే ఎవరు ఏం చేసి పెట్టారో వివరంగా రాస్తున్నాం. చేసుకోవాలనుకునే వాళ్లకూ పనికొస్తుంది.

ముందుగా బాలానగర్‌లో లేజర్ కటింగ్ షాపు అన్నకు. ప్లేట్లలో రంధ్రాలు కోస్తే కింద రాలే గుండ్రటి బిళ్లలు ఆయనకు తుక్కు, మాకు రెడీమేడ్ టార్గెట్లు. 3 మి.మీ. మైల్డ్ స్టీలులో 50 మి.మీ. వ్యాసం ఉన్నవి ఏరి, అంచుల బర్రు (కోసినచోట మిగిలే గరుకు పదును) గ్రైండర్‌తో తీసి, తూకం లెక్కన ఇచ్చారు. ఒక్కో బిళ్ల సుమారు 46 గ్రాములు. బరువు ఎందుకంత ముఖ్యమంటే, .177 (4.5 మి.మీ.) పెల్లెట్ అర గ్రాము కంటే కాస్త ఎక్కువ ఉంటుంది. సెకనుకు 170 మీటర్ల వేగంతో వెళ్తే దాని శక్తి 8 జౌల్స్ దగ్గర. అందులో చాలా భాగం సీసం నలిగిపోవడానికే ఖర్చయిపోతుంది. బిళ్లను తోసేది ఆ అర గ్రాము ఊపు మాత్రమే. అదే 150×200 మి.మీ. ప్లేటు పెడితే బరువు 700 గ్రాములు దాటుతుంది. టంగుమని మోగుతుంది, పడదు. గురి సులువని పెద్ద ప్లేటు పెట్టేవాళ్లు ఎక్కువగా ఇక్కడే ఇరుక్కుంటారు.

రాణిగంజ్ హార్డ్‌వేర్ సేఠ్‌కు రెండో నమస్కారం. బిళ్లలు ఊగే ఇరుసుకు మామూలు నల్ల రాడ్డు అడిగితే, వద్దని 8 మి.మీ. బ్రైట్ బార్ చేతిలో పెట్టారు. నల్ల రాడ్డు మీద పొక్కు ఉంటుంది, గుండ్రం కూడా సరిగ్గా ఉండదు, బుష్‌లో (ఇరుసు మీద తిరిగే చిన్న గొట్టం) పట్టేస్తుంది. బ్రైట్ బార్ నున్నగా, కొలతకు ఉంటుంది.

అసలు ప్రాణం బుష్‌లో ఉంది. అది లేత్ భాయ్ చలవ. 40 మి.మీ. పొడవు బుష్‌లు తిప్పి, రంధ్రం 8.5 మి.మీ. ఉంచారు. దానిమీద 12×3 మి.మీ. పట్టీ, పట్టీ కొసన బిళ్ల, బిళ్ల మధ్యభాగం ఇరుసుకు 80 మి.మీ. పైన ఉండేట్టు వెల్డింగ్. వేడికి బుష్ ముడుచుకుంటుంది, రంధ్రం కోడిగుడ్డు ఆకారంలోకి పోతుంది. అందుకే వెల్డింగ్ తర్వాత 8.5 డ్రిల్లు మళ్లీ ఒకసారి దింపాలని భాయ్ గట్టిగా చెప్పారు. వెల్డర్ అన్న కూడా 2.5 మి.మీ. వెల్డింగ్ రాడ్డుతో, 70–80 ఆంప్స్‌లో, అటో చుక్క ఇటో చుక్క పెట్టి చల్లారనిచ్చారు. ఒకే గీతగా లాగితే 3 మి.మీ. బిళ్ల వంగిపోతుంది. తుక్కులో జీఐ (జింక్ పూత వేసిన ఇనుము) ముక్కలు వస్తే వెల్డింగ్ చేసే చోట జింక్ పూత ముందే గ్రైండ్ చేసెయ్యాలి, ఆ పొగ ఊపిరితిత్తులకు విషం.

బుష్‌కు నూనె, గ్రీజు రాయొద్దు. సీసం పొడి, మట్టి అంటుకుని ముద్దవుతాయి. తాళాలకు వాడే గ్రాఫైట్ పొడి చాలు.

వాలు కోణం సంగతి విప్పి చెప్పింది మా సీనియర్ షూటర్ సార్. బిళ్ల నిటారుగా నిలబడితే గాలికే పడిపోతుంది. షూటర్ వైపు ఓ 10 డిగ్రీలు ముందుకు వాలి ఉండాలి. అప్పుడు సీసం తునకలు కూడా నేలవైపే పోతాయి. దీనికోసం ముందువైపు ఎం6 (6 మి.మీ.) బోల్టు, రెండు నట్లతో ఆసరా పెట్టాం. బోల్టు తిప్పితే వాలు మారుతుంది, నట్టు బిగిస్తే కదలదు. బోల్టు తలమీద సైకిల్ ట్యూబు ముక్క అంటిస్తే తాడు లాగినప్పుడు మోత తగ్గుతుంది. తగిలినా బిళ్ల పడకపోతే ముందు బుష్ చూడండి, తర్వాత తాడు. తాడు బిగుతుగా ఉంటే బిళ్ల పడేటప్పుడు దాన్నీ ఈడ్చాలి. టార్గెట్ దగ్గర ఓ మూర వదులు వదలండి. నైలాన్ సాగుతుంది, 25 మీటర్ల నుంచి లాగితే సగం లాగుడు సాగుడుకే పోతుంది. అల్లిన పాలిస్టర్ తాడు మేలు.

అడుగున 40×40×5 మి.మీ. యాంగిల్ (ఎల్ ఆకారపు ఇనుప పట్టీ). దాని నిలువు రెక్క ఇరుసుకు అడ్డుగా ముందువైపు ఉండాలి, లేదంటే కిందికి పోయిన పెల్లెట్లు బుష్‌ను నలగ్గొడతాయి.

రంగు విషయంలో తోట కాపలా తాత మాటే నెగ్గింది. సున్నం పల్చగా కలిపి బ్రష్‌తో ఒక చెయ్యి. తెల్లటి బిళ్లమీద పెల్లెట్ తగిలిన చోట బూడిదరంగు మచ్చ, చుట్టూ సన్నటి గీతలు, తగిలింది ఎక్కడో దూరం నుంచే తెలిసిపోతుంది. స్ప్రే పెయింట్ పొరలు పేరుకుని పెచ్చులూడుతుంది.

ఇవి 20 జౌల్స్ లోపు, 4.5 మి.మీ. బోరు ఎయిర్ గన్లకు, మెత్తటి సీసం పెల్లెట్లకు మాత్రమే. 2016 ఆయుధాల నియమాల్లో లైసెన్సు అక్కర్లేని హద్దు కూడా అదే. స్టీలు బీబీలు (చిన్న గుండ్రటి గుళ్లు) వాడితే తిన్నగా మన మొహం మీదికే తిరిగొస్తాయి. అసలు తుపాకులకైతే ఈ మెత్తటి స్టీలు పనికిరాదు. గుంటలు పడి, ఆ గుంటల్లోంచి తునకలు వెనక్కి ఎగురుతాయి. దానికి ఏఆర్500 లాంటి గట్టిపరచిన స్టీలు వేరే ఉంది. 10 మీటర్ల కంటే దగ్గర నుంచి కాల్చొద్దు, చూసేవాళ్లతో సహా అందరికీ కళ్లద్దాలుండాలి. వెనక మట్టికట్ట తప్పనిసరి. రైఫిల్ సైట్ (గురి చూసే అమరిక) ముందు కాగితం మీదే సరిచేసుకోండి. రాలిన సీసం తడిగుడ్డతో ఎత్తాలి, పొడి చీపురుతో ఊడిస్తే దుమ్ము లేస్తుంది. చేతులు సబ్బుతో కడిగాకే టీ, బిస్కెట్లు.

శంకర్‌పల్లి వైపు తోటలో మట్టికట్ట పోయించి, ఆదివారం పొద్దున చోటిచ్చిన పెద్దాయనకు, బర్లు ఆ దారిన వచ్చే వేళలు ముందే చెప్పే తాతకు మరీ మరీ థాంక్స్. డ్రాయింగ్ కావాలంటే అడగండి, కొలతలతో సహా పంపుతాం. బుష్‌లు మాత్రం లేత్ మీదే తిప్పించుకోండి.