బుచ్చమ్మ వింటున్నప్పటి ముఖం

విశాఖపట్నం

ఒరే సూరీ,

నీ ఉత్తరం అందింది. "కన్యాశుల్కం చదివినవాడికి మళ్లీ సినిమాతో పనేంట్రా" అని అడిగావు కదా. ఫోన్లో తేలే మాట కాదని కూర్చుని రాస్తున్నా.

నాటకం పుస్తకంలో మాట్లాడేవాళ్లే కనిపిస్తారు, వినేవాళ్లు కనిపించరు. గిరీశం తన శిష్యుడు వెంకటేశానికి చెబుతున్నట్టే చెబుతూ వితంతు వివాహాల మీద దంచేస్తుంటాడే, అదంతా వాడి అక్క, వితంతువైన బుచ్చమ్మ చెవిన పడాలనే కదా! పేజీలో ఆమె పలికేది ఒకటీ అరా. మనం గిరీశం వాగ్ధాటి వెంట పడిపోతాం, ఆమె అక్కడే ఉన్న సంగతి మరిచిపోతాం. 1955లో పి. పుల్లయ్య తీసిన సినిమాలో ఎన్టీఆర్ ఎంత జోరుగా మాట్లాడినా, నేను బుచ్చమ్మ వేసిన షావుకారు జానకినే చూస్తూ కూర్చున్నా. నమ్మేస్తోందిరా ఆ పిల్ల! అది చూశాక గిరీశం కబుర్లకి మునుపటిలా నవ్వు రాలేదు.

ఇక వేశ్య మధురవాణిగా సావిత్రి. పెళ్లికూతురి వేషంలో ఉన్నది మహేశమనే కుర్రాడని మధురవాణికి తెలుసు, రామప్ప పంతులికి తెలీదు. ఆ పంతులిగా సీఎస్సార్ బడాయి పోతుంటే ఆమె వింటూ ఉంటుంది. గురజాడ ఆమె మనసులో మాటకి ముందు "తనలో" అని రాసుకోవాల్సొచ్చింది. సావిత్రికి కనుబొమ్మ చాలు.

గోవిందరాజుల సుబ్బారావుకి స్టేజీ మీద కూడా లుబ్ధావధాన్లుగా పేరుంది. చదివేటప్పుడు లుబ్ధావధాన్లు వట్టి పిసినారి. ఆ గొంతు విన్నాక ఒక ముసలివాడి భయం తెలుస్తుంది.

సినిమాలో అంతా పట్టలేదు, నిజమే. 1909లో గురజాడ పెంచి తిరగరాసిన నాటకం మరి, కోతలు తప్పవు. అందుకే చూసిన వెంటనే పుస్తకం మళ్లీ తీశా. ఈసారి ప్రతి రంగంలోనూ నోరు మెదపకుండా ఎవరున్నారా అని వెతుక్కుంటూ చదివా. బుచ్చమ్మ చెల్లెలు సుబ్బినే తీసుకో. లుబ్ధావధాన్లతో ఆ పసిదాని పెళ్లి గురించే ఇంత రభసా, తల్లి వెంకమ్మ నూతిలో దూకడమూ. సుబ్బి గొంతు మనకి వినపడేదెంత? గురజాడ కావాలనే అలా వదిలాడని నా గట్టి నమ్మకం.

ముందు సినిమా చూసెయ్. పండక్కి వచ్చినప్పుడు ఆఖరి అంకం ఇద్దరం పైకి చదువుదాం. అది జరిగేది మన విశాఖలోనే కదా. వకీలు సౌజన్యారావు పంతులి మాటలు నువ్వు చదువు, మధురవాణివి మా అక్క చదువుతానంది. ఆయన మౌనంగా ఉన్నచోట ఆగుదాం, తొందరపడి పేజీ తిప్పకు.

నీ
రామం