మాల్‌కు ఇచ్చే స్థలం ఊరి చేతిలోనే ఉండాలి

సంపాదక మహాశయులకు,

నమస్కారం. పట్టణాల నడిబొడ్డున ఉన్న పాత కూరగాయల మార్కెట్లను, బస్టాండు స్థలాలను, శిథిలమైన మున్సిపల్ కాంప్లెక్సులను ప్రైవేటు సంస్థలకు దీర్ఘకాలిక లీజుకిచ్చి అక్కడ పెద్ద మాల్స్ కట్టించాలన్న ఆలోచన మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ తరచుగా వినిపిస్తోంది. ఎన్ని అంతస్తులు కడతారు, ఎన్ని సినిమా తెరలు వస్తాయి, స్థానిక సంస్థకు ఏటా ఎంత ఆదాయం ఉంటుంది అన్న చర్చ జరుగుతోందే గానీ, ఇరవై ఏళ్ల తర్వాత ఆ మాల్‌కు జనం రావడం మానేస్తే ఆ స్థలం మీద అధికారం ఎవరిదన్న ప్రశ్న ఎవరూ అడగడం లేదు. మున్సిపల్ రెవెన్యూ విభాగంలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి, షాపు రూముల అద్దెల డిమాండ్ రిజిస్టర్లు రాసిన వాడిగా, అన్నిటికంటే ముందు తేల్చుకోవలసింది ఆ ప్రశ్నేనని నా నమ్మకం. ఈ వేసవిలో అమెరికాలోని కొలంబస్‌లో, మా అమ్మాయి దగ్గర ఉన్నప్పుడు చూసిన ఒక స్థలం ఆ నమ్మకాన్ని మరింత బలపరిచింది. అందుకే ఈ ఉత్తరం.

కొలంబస్ ఒహాయో రాష్ట్రానికి రాజధాని. రాష్ట్ర శాసనసభ భవనానికి కాస్త దక్షిణంగా, హై స్ట్రీట్ పక్కన, సుమారు ఆరెకరాల పచ్చిక మైదానం ఉంది. దాని పేరు కొలంబస్ కామన్స్. ఒక సాయంత్రం మా మనవడిని అక్కడికి తీసుకెళ్లాం. మన తిరునాళ్లలో తిరిగే రంగులరాట్నం లాంటిదే అక్కడా ఉంది. చేత్తో చెక్కిన కొయ్య గుర్రాల మీద పిల్లలు తిరుగుతుంటే, తల్లిదండ్రులు గడ్డి మీద దుప్పట్లు పరుచుకుని కూర్చున్నారు. మైదానం ఒక పక్కన కారు దిగువకు జారిపోయే దారి కనిపించి ఇదేమిటని అడిగితే, కింద పార్కింగ్ ఉందని, అది ఒకప్పటి మాల్‌కు చెందినదని, మాల్‌ను కూల్చినా దాన్ని మాత్రం ఉంచి పైన పార్కు వేశారని మా అల్లుడు చెప్పాడు. పన్నెండున్నర లక్షల చదరపు అడుగుల మూడంతస్తుల భవనం నిలబడిన చోట గడ్డి మీద కూర్చున్నామన్న సంగతి నాకు చాలాసేపటి వరకు మనసుకు ఎక్కలేదు.

ఆ మాల్ పేరు కొలంబస్ సిటీ సెంటర్. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలో మధ్యతరగతి కుటుంబాలు కార్లు కొనుక్కుని నగరం వెలుపలి శివార్లకు తరలిపోవడం, వారి వెంటే దుకాణాలూ వెళ్లడం, 1956లో మిన్నెసోటా రాష్ట్రంలోని ఇడైనాలో మొదటి మూసిన కప్పు గల మాల్ రావడం, దానితో నగరాల నడిమి బజార్లు వెలవెలబోవడం అందరికీ తెలిసిన చరిత్రే. కొలంబస్ కూడా ఆ దెబ్బ తిన్నది. నగరం నడిమిని మళ్లీ లేపడానికి లాభాపేక్ష లేని క్యాపిటల్ సౌత్ అనే సంస్థ ద్వారా హై స్ట్రీట్ పక్కన స్థలాలు సేకరించారు. అక్కడ కట్టిన మాల్ 1989 ఆగస్టులో తెరుచుకుంది. మార్షల్ ఫీల్డ్స్, జేకబ్‌సన్స్ అనే పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్లు లోపలికి వచ్చాయి. 1851 నుంచి అదే నగరంలో వ్యాపారం చేస్తున్న లాజరస్ స్టోరును రోడ్డు మీదుగా కట్టిన వంతెనతో మాల్‌కు కలిపారు. ఆ రోజుల్లో పండగ బట్టలకు ఊళ్ల నుంచి కూడా జనం అక్కడికే వచ్చేవారని, వారాంతంలో లోపల తోపులాటగా ఉండేదని మా అమ్మాయి వాళ్ల పక్కింటి పెద్దాయన ఎంతో ఇష్టంగా చెప్పారు.

కానీ ఆ వైభవం పదేళ్లే నిలిచింది. 1997లో వాయవ్యాన టటిల్ క్రాసింగ్ మాల్, 1999లో ఈశాన్యాన ఈస్టన్ టౌన్ సెంటర్, 2001లో ఉత్తరాన పొలారిస్ ఫ్యాషన్ ప్లేస్ వరుసగా తెరుచుకున్నాయి. ఇంటి పక్కనే ఉచితంగా కారు నిలుపుకునే మాల్ ఉండగా, పాతిక కిలోమీటర్లు నడుపుకుంటూ వెళ్లి పార్కింగ్‌కు డబ్బు కట్టే అవసరం ఎవరికుంటుంది? ఇక్కడి మన తెలుగు కుటుంబాలలో చాలా వరకు డబ్లిన్, పావెల్, లూయిస్ సెంటర్ వంటి ఉత్తరపు శివార్లలోనే ఉంటున్నాయి. మా అమ్మాయి వాళ్లూ అంతే, పొలారిస్ దాటి ఏ దుకాణానికీ వెళ్లరు. అంటే సిటీ సెంటర్‌ను ఖాళీ చేసిన ఆ వలసలో కొంత పాలు మనవాళ్లదీ ఉంది.

పెద్ద స్టోర్లు పోతే మాల్ ఎందుకు నిలబడదో మన నాయకులు, అధికారులు ఒకసారి శ్రద్ధగా తెలుసుకోవాలి. అమెరికా మాల్స్‌లో పెద్ద స్టోరును యాంకర్, అంటే లంగరు, అంటారు. చదరపు అడుగుకు అది కట్టే అద్దె తక్కువే, ఒక్కోసారి నామమాత్రమే. అది పిలుచుకువచ్చే జనం మీద ఆధారపడి పక్కనున్న చిన్న దుకాణాలు ఎక్కువ అద్దె కడతాయి. పెద్ద స్టోరు మూతపడితే తమ అద్దె తగ్గాలనో, తామూ ఖాళీ చేసి పోవచ్చనో చిన్న దుకాణదారులు ఒప్పందంలో రాయించుకోవడం కద్దు. అందువల్ల ఒక్క లంగరు తెగిందంటే నడవలో సగం షట్టర్లు దిగడానికి రెండు మూడేళ్లు చాలు. జేకబ్‌సన్స్ సంస్థ 2002లో దివాలా తీసి మూతపడింది, మార్షల్ ఫీల్డ్స్ తప్పుకుంది, నూటయాభై ఏళ్ల లాజరస్ తన డౌన్‌టౌన్ స్టోరును 2004లో మూసేసింది. దీనికి తోడు ఆ భవనం ముఖం పూర్తిగా లోపలికి తిరిగి ఉండేది. వీధి వైపు చాలా మేర తలుపు లేని గోడలే కాబట్టి, లోపల జనం కిటకిటలాడిన రోజుల్లో కూడా పక్క వీధిలోని చిన్న వ్యాపారికి ఒరిగిందేమీ లేదు. మన ఊళ్లలో కట్టదలచిన మాల్స్ నమూనా చిత్రాలలో నాకు మొదట కనిపించేది ఈ లోపమే. కూరగాయల మార్కెట్ చుట్టూ బతికే టీ బంకు, పూల బుట్ట, గాజుల కొట్టు, చెప్పులు కుట్టే వాడి గొడుగు, వీటిలో ఏదీ ఆ అద్దాల గోడ ముందు నిలబడలేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఆ మాల్ చేతులు మారినా దాని కింది భూమి క్యాపిటల్ సౌత్ పేరనే ఉండిపోయింది. మాల్‌ను నడిపేవారు లీజుదారులు మాత్రమే. అందువల్లనే 2007లో ఆ సంస్థ దాన్ని తన అధీనంలోకి తెచ్చుకోగలిగింది. ఇక్కడ మళ్లీ మాల్ నడవదని నిర్ణయించుకుని, 2009 మార్చిలో మూసివేసి, కూల్చి, 2011 మే నెలలో పార్కు తెరిచారు. తర్వాత పార్కు అంచున, హై స్ట్రీట్ వైపు, మూడువందలకు పైగా అపార్ట్‌మెంట్లు, వాటి కింద వీధిలోకి తెరుచుకునే దుకాణాలు వచ్చాయి. వేసవిలో కొలంబస్ సింఫనీ వాద్యబృందం కచేరీలు ఆ మైదానంలోనే జరుగుతున్నాయి. లాజరస్ భవనాన్ని కూల్చలేదు, బాగుచేసి రాష్ట్ర ప్రభుత్వ కార్యాలయాలకు ఇచ్చారు. ఆ పక్కనే ఉన్న 1928 నాటి ఒహాయో థియేటర్‌ను కూల్చబోతుంటే 1969లో ఊరి జనం చందాలు వేసుకుని కాపాడుకున్నారని విని నాకెంతో సంతోషం కలిగింది. ఏది ఉంచాలో, ఏది తీసెయ్యాలో నిర్ణయించే హక్కు ఊరికి మిగిలి ఉండడం వల్లనే ఇవన్నీ సాధ్యమయ్యాయి. పార్కు వచ్చినంత మాత్రాన లాజరస్ కాలం నాటి బజారు తిరిగి రాలేదని కూడా చెప్పాలి. బట్టలు కొనాలంటే జనం ఇప్పటికీ ఈస్టన్‌కో, పొలారిస్‌కో వెళుతున్నారు. అయినా పాడుబడిన భవనాన్ని నగరం నడుమ ఏళ్ల తరబడి వదిలెయ్యలేదు.

మా ఊళ్లో జరిగింది దీనికి పూర్తిగా విరుద్ధం. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో పాత కూరగాయల మార్కెట్ తీసేసి రెండంతస్తుల షాపింగ్ కాంప్లెక్స్ కట్టారు. కింది రూములు వేలంలో పోటీపడి పాడుకున్నారు. పైఅంతస్తు రూములకు మూడుసార్లు వేలం ప్రకటించినా పాటదారులు రాలేదు. మెట్లెక్కి ఎవరూ రారన్న సంగతి కూరగాయలమ్మే ఆడవాళ్లు మొదటి రోజే చెప్పారు, వినలేదు. పాడుకున్నవారిలో చాలామంది గుడ్‌విల్ తీసుకుని రూములు వేరేవారికి అప్పగించారు. నా రిజిస్టరులో ఒక పేరు, షట్టర్ మీద ఇంకో పేరు, లోపల కూర్చున్నది మూడో మనిషి. మూడేళ్లకోసారి మూడో వంతు అద్దె పెంచుతూ లీజు పొడిగించే నిబంధన కాగితం మీదే ఉండిపోయింది. నోటీసు పట్టుకుని వెళ్లిన ప్రతిసారీ కోర్టు స్టే ఉందనేవారు. చివరికి స్లాబు పెచ్చులూడి పడుతుంటే ఇంజినీర్లు ప్రమాదకర భవనమని రాసిచ్చారు, కానీ ఖాళీ చేయించడం ఎవరివల్లా కాలేదు. నేను పదవీ విరమణ చేసిన రోజున కూడా పైఅంతస్తులో పావురాలే ఉన్నాయి. ఆ నోటీసుల మీద సంతకాలు పెట్టిన వారిలో నేనూ ఒకడిని కాబట్టి, ఈ బాధ నాకు ఇప్పటికీ తగ్గలేదు.

షాపు రూముకు గరిష్ఠంగా పాతికేళ్ల లీజుకే ఇంత చిక్కు ఉంటే, ముప్పై మూడేళ్లకో, అరవై ఆరేళ్లకో మొత్తం స్థలాన్నే ఒక సంస్థకు రాసిచ్చి, దాని మీద ఆ సంస్థ బ్యాంకుల్లో అప్పు తెచ్చుకుని, తర్వాత చేతులెత్తేస్తే ఊరి పరిస్థితి ఏమిటో ఊహించండి. అప్పటికి తాకట్టు బ్యాంకుది, వ్యాజ్యం కోర్టుది, ఖాళీ గోడలు మాత్రం ఊరివి. ఆన్‌లైన్ కొనుగోళ్లు పల్లెల వరకు వచ్చిన ఈ రోజుల్లో, ఊరి చుట్టూ బైపాస్ రోడ్ల పక్కన కొత్త దుకాణాలు వెలుస్తున్నప్పుడు, నడిబొడ్డు మాల్ పదేళ్లకే వెలవెలబోవడం కొలంబస్‌లోనే జరుగుతుందని అనుకోలేం.

మాల్స్ వద్దని నా వాదన కాదు. ఎండాకాలంలో చల్లగా తిరిగే చోటు, ఆడవాళ్లకు శుభ్రమైన మరుగుదొడ్డి, పిల్లలకు ఆడుకునే జాగా ఉండాలని చిన్న పట్టణాల వాళ్లు కోరుకోవడం న్యాయమే. నేను కోరేది ఒప్పందంలో నాలుగు మాటలు. భూమి యాజమాన్యం ఎట్టి పరిస్థితుల్లోనూ స్థానిక సంస్థ పేరు మీద నుంచి మారకూడదు, ఆ భూమి మీద తాకట్టుకు అనుమతి ఇవ్వకూడదు. అద్దె ఇన్ని నెలలు బకాయి పడినా, సగానికి పైగా దుకాణాలు ఇంత కాలం ఖాళీగా ఉన్నా, కోర్టు చుట్టూ తిరగకుండా స్థలం తిరిగి స్వాధీనమయ్యే షరతు స్పష్టంగా రాయాలి. భవనం కూల్చడానికయ్యే ఖర్చుకు సరిపడా డిపాజిట్ ముందే కట్టించుకోవాలి. వీధి వైపు కింది అంతస్తులో, ఇప్పుడు ఆ స్థలంలో బతుకుతున్న చిరువ్యాపారులకు చోటు కేటాయించాలి. ఈ ఒప్పందం ముసాయిదాను కౌన్సిల్ తీర్మానానికి కనీసం నెల రోజుల ముందు తెలుగులో అచ్చువేసి మున్సిపల్ కార్యాలయం నోటీసు బోర్డు మీదా, వార్డు కార్యాలయాల్లోనూ పెట్టించాలని సంబంధిత పురపాలక శాఖలను మీ పత్రిక ద్వారా వేడుకుంటున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత మున్సిపల్ రెవెన్యూ ఉద్యోగి,
కృష్ణా జిల్లా
(ప్రస్తుతం కొలంబస్, ఒహాయో)