మా బడి సిబ్బందికి మీరిచ్చిన శిక్షణపై ఫిర్యాదు

శిక్షణ సంస్థ మేనేజర్ గారికి,

విషయం: మీ శిక్షణ పుస్తకంలోని ప్రమాదకరమైన తప్పును వెంటనే సరిదిద్దాలని, ఒప్పందంలో మిగిలిపోయిన పని పూర్తి చేయాలని కోరుతూ.

అయ్యా,

నమస్కారం. నేనొక ఉన్నత పాఠశాలలో ప్రధానోపాధ్యాయురాలిని. పిల్లలు దిగులుగా ఉన్నా, కోపంతో ఊగిపోతున్నా, తోటివాళ్లలో ఇమడలేకపోతున్నా గమనించి అండగా నిలవడం సిబ్బంది అందరికీ నేర్పించాలని మీ సంస్థను పిలిచాం. రెండు రోజుల శిక్షణ కిందటి నెలలో అయింది. ఆ తర్వాత పది రోజులకు జరిగిన సంగతి ముందు చెబుతాను, ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం అదే.

మా టీచర్ ఒకరి దగ్గరికి ఒక అమ్మాయి వచ్చి, "ఒక విషయం చెప్తాను, మీరు ఎవరికీ చెప్పకూడదు" అంది. టీచర్ మీరు నేర్పినట్టే, "ఎవరికీ చెప్పను, మాటిస్తున్నాను" అన్నారు. ఆ పిల్ల చెప్పింది తన భద్రతకు సంబంధించిన విషయం. ఒక్కరి మనసులో దాచుకోదగ్గది కాదు. చెబితే మాట తప్పినట్టు, చెప్పకపోతే పిల్లను ప్రమాదంలో వదిలేసినట్టు. ఆ టెన్షన్‌తో ఆవిడకు రాత్రంతా నిద్ర లేదు. మర్నాడు పొద్దున్నే నా గదికి వచ్చి ఏడ్చారు. అప్పటికప్పుడు చేయాల్సినవన్నీ చేశాం, ఆ అమ్మాయి ఇప్పుడు క్షేమంగా ఉంది. కానీ ఒక రోజు ఆలస్యమైంది. పైగా ఆ పిల్ల, "మాటిచ్చారు కదా టీచర్" అని ఒక్క మాట అని, ఆ తర్వాత ఆవిడ ముఖం చూడటం మానేసింది.

మీ శిక్షణ పుస్తకం 9వ పేజీలో, "పిల్లల నమ్మకం పొందాలంటే రహస్యం కాపాడతామని మాటివ్వండి" అని ఉంది. మీ శిక్షకులు దాన్ని చదివి, రెండుసార్లు నొక్కి చెప్పారు కూడా. పిల్లల భద్రత తెలిసినవాళ్లెవరూ ఇలా నేర్పరు. నేర్పాల్సింది ఇది: "నువ్వు చెప్పేది శ్రద్ధగా వింటాను. నీకు గానీ ఇంకొకరికి గానీ హాని జరిగే సంగతైతే మాత్రం, నిన్ను కాపాడగలిగేవాళ్లకు చెప్పాల్సి వస్తుంది. ఎవరికి చెబుతున్నానో ముందు నీకే చెబుతాను." ఈ మూడు వాక్యాలు నోటికి వచ్చేదాకా ఒకరితో ఒకరు సాధన చేయిస్తే గంట కూడా పట్టదు. మా టీచర్ చేతికి ఆ మాటలు ఇచ్చి ఉంటే ఆ పిల్ల ఇవాళ కూడా ఆవిడ దగ్గరికే వచ్చేది.

మొదటి రోజు మధ్యాహ్నం జరిగింది కూడా నేను మర్చిపోలేకపోతున్నాను. అందరినీ గుండ్రంగా కూర్చోబెట్టి, చిన్నప్పుడు పడిన బాధల్లో ఒకటి చెప్పమన్నారు. వద్దనుకునేవాళ్లు తప్పుకోవచ్చని ఎవరూ అనలేదు. మా సహోద్యోగి ఒకరు మొదలుపెట్టి, సగంలో గొంతు పూడుకుపోయి ఏడ్చేశారు. మీ శిక్షకులు అందరితో చప్పట్లు కొట్టించి విరామం ప్రకటించారు. ఆవిడ పక్కన కూర్చున్నది మేమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో మానసిక ప్రథమ చికిత్సపై, అంటే తీవ్రమైన బాధలో ఉన్నవారికి వెంటనే అండగా నిలవడంపై, ఇచ్చిన మార్గదర్శకాల్లో, ఎవరినీ తమ కథ చెప్పమని ఒత్తిడి చేయవద్దనీ, నిలబెట్టుకోలేని హామీలు ఇవ్వవద్దనీ స్పష్టంగా ఉంది. మీరు రెండూ చేశారు.

ఒప్పందంలో "సిబ్బంది అందరికీ" అని రాసి ఉంది. అయినా మా ఆయాలను, వాచ్‌మన్‌ను, బస్సు డ్రైవర్లను, ఆఫీసు గుమాస్తాను "ఇది టీచర్ల కోసం" అని గుమ్మంలోంచే పంపేశారు. ఏ పిల్లవాడు పొద్దున బస్సులో ముఖం వేలాడేసుకుని ఎక్కాడో డ్రైవర్‌కే ముందు తెలుస్తుంది. విరామంలో ఎవరు రోజూ బాత్రూమ్‌లో దాక్కుంటున్నారో ఆయాకే తెలుస్తుంది. చూసింది ఎవరికి చెప్పాలో, ఎలా చెప్పాలో వాళ్లకు నేర్పకపోతే ఆ సమాచారం అక్కడే ఆగిపోతుంది. పంపేసినప్పుడు వాళ్లు చిన్నబుచ్చుకున్నారు. వాళ్లకు నేనే క్షమాపణ చెప్పాను.

తనను తాను తెలుసుకోవడం, తనను అదుపులో పెట్టుకోవడం, ఎదుటివారిని అర్థం చేసుకోవడం, సంబంధాలు నిలుపుకోవడం, బాధ్యతగా నిర్ణయం తీసుకోవడం అనే ఐదు నైపుణ్యాల గురించి చెప్పిన భాగం బాగుంది, ఆ మాట దాచను. కానీ మిగతాదంతా స్లైడ్లే. భయం వేసినప్పుడు మెదడులో ఏమవుతుందో నలభై నిమిషాలు చెప్పారు. "పిల్లవాడు కుర్చీ విసిరేస్తుంటే నేనేం చేయాలి?" అని మా లెక్కల మాస్టారు అడిగితే, "అది కౌన్సెలర్ పని" అన్నారు. కౌన్సెలర్ వచ్చేలోపు గదిలో ఉండేది ఆయనే కదా! మిగతా పిల్లల్ని బయటికి పంపడం, గొంతు తగ్గించడం, ఎదురుగా కాకుండా కాస్త పక్కగా నిలబడటం, తక్కువ మాటలు మాట్లాడటం, ఆ పిల్లవాడు శాంతించాకే ఏం జరిగిందో అడగడం, ఇవి చేసి చూపిస్తేనే వస్తాయి. పాత్రలు వేసుకుని చేయాల్సిన సాధన మొత్తం వదిలేసి, రెండో రోజు మధ్యాహ్నానికే సర్టిఫికెట్లు పంచి వెళ్లిపోయారు.

పిల్లలకు ఇలాంటి నైపుణ్యాలు నేర్పే బడి కార్యక్రమాలపై 2011లో అచ్చయిన పరిశోధన ఒకటి మీరే తెరమీద చూపించారు. 213 కార్యక్రమాలు, 2,70,034 మంది పిల్లలు, చదువులోనూ మెరుగుదల. నిజమే. కానీ అమలులో లోపాలున్నచోట ప్రయోజనం తగ్గిందని కూడా అందులోనే ఉంది. నెలలోపు రెండుసార్లు బడికి వచ్చి తరగతులు గమనించి సలహాలిస్తామని మీరు రాసిచ్చారు. ఒక్కసారీ రాలేదు. మూడుసార్లు ఫోన్ చేస్తే, "సార్ మీటింగ్‌లో ఉన్నారు" అన్నారు.

15 రోజుల్లోగా 9వ పేజీని సరిచేసి, సరిచేసిన ప్రతిని సంతకంతో మా సిబ్బంది అందరికీ పంపండి. బోధనేతర సిబ్బందికి విడిగా ఒక రోజు, టీచర్లకు వదిలేసిన సాధన సగం రోజు, పిల్లల భద్రతలో అనుభవం ఉన్నవారితో ఇప్పించండి. వాళ్ల అర్హతలు ముందుగా మాకు తెలియజేయండి. రాసిచ్చిన రెండు సందర్శనలకు తేదీలు ఇవ్వండి. ఇవి కుదరవంటే, చేయని పనికి తీసుకున్న డబ్బు తిరిగి ఇవ్వండి.

అన్నిటికన్నా ముందు చేయాల్సింది ఇంకొకటి ఉంది. ఇదే పుస్తకం మీరు ఇంకా ఏయే బడుల్లో పంచారో మీ దగ్గర జాబితా ఉంటుంది. ఆ బడులన్నిటికీ ఈ వారంలోనే సవరణ పంపి, పంపినట్టు నాకు ఉత్తరం రాయండి. అక్కడ ఇంకే టీచరూ, ఇంకే పిల్లకూ ఆ మాట ఇవ్వకముందే అది చేరాలి.

ఒప్పందం ప్రతి, 9వ పేజీ నకలు జతపరిచాను.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు