నాన్న కోసం నిలబడ్డ అందరికీ నమస్కారాలు

అంబాజీపేట పక్కన మా ఊళ్లో నాన్న ఇరవై ఎనిమిదేళ్లు కొబ్బరి దింపు తీశాడు. అలాంటి మనిషి నిరుడు వీధి అరుగు ఎక్కడానికి ఆయాసపడ్డాడు. గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకునేవాడు. మేమూ అదే అనుకున్నాం. దింపు ముఠాలోని బాబాయ్ ఒకాయన చెయ్యి పట్టుకు చూసి, "ఇదేంట్రా, ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ పొంతనే లేదు" అని ఆ రోజే అమలాపురం తీసుకెళ్లి ఈసీజీ తీయించాడు. మొదటి దణ్ణం ఆయనకే.

చిన్నప్పుడు వచ్చిన కీళ్లవాత జ్వరం గుండె ఎడమవైపు పై గదికీ కింది గదికీ మధ్య తలుపులాంటి మిట్రల్ వాల్వును బిగించేసిందట. దాంతో గుండె ఎడమ పై గది ఉబ్బి, సరిగ్గా కొట్టుకోలేక వణుకుతోందన్నారు. ఏట్రియల్ ఫిబ్రిలేషన్. లయ కుదిరే మందులు మెటోప్రొలాల్ అయింది, అమియోడరోన్ అయింది, ఒకసారి గుండెకి కరెంటు షాక్ కూడా ఇచ్చారు. రెండు వారాలు బాగుండి మళ్లీ మొదటికొచ్చింది. ఆ గదిలో నెత్తురు గడ్డకడితే పక్షవాతం రావచ్చని విన్నాక అమ్మకి నిద్ర పట్టలేదు.

వాల్వు మార్చేటప్పుడే ఆ గదిలో గీతల్లాగా కొన్నిచోట్ల కండని గట్టి చలితో గడ్డకట్టిస్తామని విశాఖలో డాక్టరు గారు చెప్పారు. "గుండెని గడ్డకట్టిస్తారా?" అని అమ్మ ఏడ్చేసింది. అప్పుడు మా కోనసీమ యాసలో మాట్లాడే నర్సమ్మ ఒకావిడ మా పక్కనే మెట్ల మీద కూర్చుంది. "చేలో గట్లు లేకపోతే నీళ్లు ఎటుపడితే అటు పోతాయి కదండీ. గట్లు వేస్తే బోదె వెంటే పారతాయి. గుండెలో కరెంటూ అంతేనండి. గడ్డకట్టించిన గీత మీద కండ చచ్చి మచ్చవుతుంది, ఆ మచ్చ దాటి కరెంటు పోలేదు" అంది. ఆ మాటతోనే అమ్మ సంతకం పెట్టింది.

ఆర్గాన్ వాయువుతో మైనస్ 100 డిగ్రీల కంటే కిందికి చల్లబడే కడ్డీని ఒక్కో గీత మీద రెండు నిమిషాలు ఆనించి ఉంచారట. 1987లో అమెరికాలో జేమ్స్ కాక్స్ అనే డాక్టరు ఇదే పనిని గుండె గదిని కోసి కుట్టి మొదలుపెట్టారు. ఇప్పుడు చాలా కోతల బదులు ఈ చలి సరిపోతోంది, టైమూ కలిసొస్తోంది. ఆయనకి మా ఊరు తెలియదు. అయినా ఇక్కణ్ణుంచే నమస్కారం పెడుతున్నాను.

రక్తం కావాలన్నప్పుడు సాయంత్రం ఫోన్ చేశాను. ముఠా వాళ్లు ఏడుగురు రాత్రికి రాత్రే ఎదుర్లంక వంతెన దాటి, యానాం, కాకినాడ మీదుగా వచ్చి, తెల్లారేసరికి బ్లడ్ బ్యాంకు ముందు నిలబడ్డారు. రెండు రోజుల కూలి వదులుకున్నారు. చెట్లెక్కి ఎక్కి కాయలు కాసిన ఆ చేతులకి సూదులు గుచ్చుతుంటే చూసి నేను పక్కకెళ్లి ఏడ్చాను. డ్వాక్రా సంఘం అక్కలూ, మీరిచ్చిన డబ్బు వడ్డీతో సహా తీరుస్తాం. మీ ధైర్యం బాకీ మాత్రం అలాగే ఉంటుంది.

ఇంటికొచ్చిన పన్నెండో రోజు గుండె మళ్లీ పరిగెత్తింది. రాత్రి పదకొండింటికి ఫోనెత్తిన చిన్న డాక్టరమ్మా, "మచ్చ గట్టిపడేదాకా మొదటి మూడు నెలలు ఇలా వస్తుంటుంది, మాత్రలు ఆపకండి, పొద్దున్నే ఈసీజీ తీయించి పంపండి" అని మీరు చెప్పకపోతే ఆ రాత్రి మాకు తెల్లారేది కాదు. నాలుగో నెలలో ఇరవై నాలుగు గంటలు గుండె లయని నమోదు చేసే హోల్టర్ మిషన్ ఒంటికి పెట్టి చూశారు. లయ సరిగ్గా ఉంది.

వేసింది లోహపు వాల్వు కాబట్టి రక్తం గడ్డకట్టకుండా చూసే ఎసిట్రోమ్ మాత్ర జీవితాంతం వాడాలి. రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతోందో చెప్పే ఐఎన్ఆర్ పరీక్షలో నాన్నకి అంకె 2.5 నుంచి 3.5 మధ్య ఉండాలన్నారు. గాయమైతే రక్తం తొందరగా ఆగదు గనక చెట్టెక్కడం లేదు, కాయ వలవడమూ లేదు. ఇప్పటికీ దారిలో చెట్టు కనిపిస్తే తలెత్తి గెలలు లెక్కపెడతాడు. అది చూసే కాబోలు, అంబాజీపేట కొబ్బరి వ్యాపారి ఒకాయన పిలిచి కాయల లెక్క చూసే పని ఇచ్చారు. అయ్యగారూ, మీరు ఇచ్చింది జీతం ఒక్కటే కాదు.

ఇంకొక్కరు మిగిలారు. ఐసీయూ బయట రెండు రోజులు మాకు భోజనం పెట్టిన పెద్దాయనా, మీ పేరు అడగలేదు. మీ స్టీలు క్యారియర్ మా దగ్గరే ఉండిపోయింది. అమ్మ తోమి అటక మీద పెట్టింది. ఇది చదివితే కబురు చేయండి, నాన్నే తీసుకొచ్చి ఇస్తానంటున్నాడు.